పదిహేడో జెండా దగ్గర

కంపాసు ఇద్దరిని వెంటేసుకుని అక్కని వెతకడానికి వెళ్ళి నలభై నిమిషాలైంది, ఇంకా రాలేదు, వచ్చినా వట్టి చేతులతోనే వస్తాడు, ఎందుకంటే వాళ్ళు వెతుకుతున్న వైపు అక్క లేదు. లేదని నాకు తెలుసు. ఈ రాతి గుడిసెలో మిగిలిన ఎనిమిది మందిలో ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే, తెలిసీ నోరు మూసుకుని, గోడకి వీపు ఆనించి, ఒళ్ళో ముప్ఫై ఎర్రజెండాల కట్ట పెట్టుకుని కూర్చున్నాను. తలుపు ఎప్పుడో ఊడిపోయిన గుమ్మంలోంచి పొగమంచు లోపలికి వస్తోంది. తడి ఉన్ని వాసన, తడి మేజోళ్ళ వాసన, ఎవరో ఒలిచిన నారింజ వాసన. పళ్ళ డాక్టరు బిస్కెట్లు నములుతున్నాడు. వచ్చినవాళ్ళందరికీ తీపి మానెయ్యమని చెప్పే మనిషి, ఇక్కడ కూర్చున్నప్పటి నుంచి పదకొండు తిన్నాడు, లెక్కపెట్టాను. నాకు చేతనైంది లెక్కపెట్టడం ఒక్కటే. అందుకే నన్ను తోకని చేశారు.

తోక అంటే వరసలో ఆఖరి మనిషి. ముందు కంపాసు నడుస్తాడు. మ్యాపుల ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరైనాయన, మెడలో ఎప్పుడూ దిక్సూచి వేలాడుతుంటుంది, ఆయన్ని ఇంకో పేరుతో పిలిచినవాళ్ళు లేరు. ఈ కొండ మీద చెట్టూ చేమా లేవు, అంతా గడ్డీ బురదా రాళ్ళూ, గొర్రెలు తొక్కిన దారులు వంద ఉంటాయి, ఏది మనదో తెలియదు, అందుకని దారి చీలినచోటల్లా ఆయన ఒక తీగ జెండా గుచ్చుకుంటూ పోతాడు. వెనకవాళ్ళు జెండాలు చూసుకుంటూ నడుస్తారు. అందరికన్నా వెనక వచ్చే తోక ఒక్కో జెండా పీకి సంచీలో వేసుకుంటుంది. జెండా లేచిందంటే ఇక వెనక మనిషి లేడని అర్థం. మరి నడుమ ఎవరికైనా పక్కకి వెళ్ళాల్సిన పని పడితే, చేతికర్ర దారికి అడ్డంగా పడుకోబెట్టి వెళ్ళాలి. తోక ఆ కర్ర దగ్గర ఆగిపోవాలి. వానొచ్చినా వరదొచ్చినా కర్ర మనిషి తిరిగొచ్చి కర్ర అందుకునేదాకా దాన్ని దాటకూడదు. కంపాసుకి ఉన్న రూలు అదొక్కటే, బడిపిల్లల చేత చెప్పించినట్టు ప్రతి ఆదివారం బస్సు దిగగానే మా చేత చెప్పిస్తాడు.

నేను దాటాను. నీలం పిడి కర్ర, పిడికి పాత మఫ్లరు ముక్క చుట్టి ఉంది, అది అక్కది కాదని అనుకోవడానికి వీల్లేదు, ఆ మఫ్లరు చింపిచ్చింది నేనే. పదిహేడో జెండా పీకి నాలుగడుగులు వేస్తే దారికడ్డంగా కర్ర. పక్కనే బోర్లించిన పడవంత రాయి, దాని నెత్తిన తెల్లటి మచ్చ. ఆగాను, ఆగకపోలేదు. ముప్ఫై దాకా లెక్కపెట్టాను. రాయి వెనక నుంచి దగ్గు వినిపించింది, అక్క దగ్గు, రెండు పొట్టి దగ్గులూ ఒక పొడుగూ, ఇరవై రెండేళ్ళుగా గోడ అవతల నుంచి వింటున్నదే. ఆ దగ్గు విన్నాక దాటాను. అది నేను ఎవరికి చెప్పగలను? తెలియక దాటానంటే పోన్లే పాపం అంటారు, కళ్ళు తిరిగి దాటానంటే మంచినీళ్ళిస్తారు, అవతల మనిషి ఉందని చెవులారా విని, కాలెత్తి, కర్ర తగలకుండా జాగ్రత్తగా దాటానంటే ఏమంటారు? అప్పటికి మంచు లేదు. ఎండ కూడా కాస్త ఉంది. ఒక్క పావుగంట బెదరనీ, అనుకున్నాను. లేచి వచ్చి చూస్తే జెండాలు లేవు, మనుషులు లేరు, అప్పుడు తెలుస్తుంది తనని ఎవరూ లెక్కలో వేసుకోకపోతే ఎలా ఉంటుందో. ఒక్క పావుగంట. పద్దెనిమిది పీకాను, పందొమ్మిది పీకాను, ఇరవయ్యో జెండా పీకేటప్పుడు శిఖరం వైపు నుంచి మంచు దిగింది, ఇరవై ఒకటో జెండా కోసం నేనే వంగి వెతుక్కోవాల్సి వచ్చింది. అప్పుడైనా వెనక్కి తిరగొచ్చు. తిరగలేదు. కోపం ఇంకా చల్లారలేదు మరి.

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందంటారు కదా, ఆ సామెత ఎవరు పుట్టించారో గానీ మా ఇంటికొచ్చి చూసి పుట్టించి ఉంటారు. అక్క అంటే నా తోబుట్టువు కాదు, మా బావగారి భార్య, నా తోడికోడలు. ఒకే ఇల్లు, ఒకే మెట్లు, కింద ఒకే లాండ్రీ దుకాణం. మధ్యాహ్నం మడుగు ఒడ్డున అందరం రాళ్ళ మీద కూర్చుని ఉడకబెట్టిన గుడ్లూ రొట్టే తింటున్నాం. కంపాసు నా సంచీలో జెండాలు చూసి, ఈవిడ తోకగా ఉన్న రోజున నాకు వెనక భయం ఉండదండీ, అన్నాడు. నాకు సంతోషమేసింది. ఎన్నాళ్ళయింది నన్నెవరైనా మెచ్చుకుని. అంతలో అక్క, నోట్లో గుడ్డు అలాగే ఉంది, చెయ్యి ఊపుతూ, "మా చెల్లెలికి లెక్క తప్పదండీ! మా మరిది దీంతో మాట్లాడక ఎన్ని రోజులైందో అడగండి, టక్కున చెప్పేస్తుంది," అంది. అని నవ్వింది. అందరూ నవ్వారు. పళ్ళ డాక్టరు అన్ని పళ్ళూ బయటపెట్టి, "ఎన్నాళ్ళమ్మా?" అన్నాడు. నేను ఏం చెయ్యాలి? లేచిపోవాలి, లేదా గుడ్డు పెంకులు వాడి మొహాన కొట్టాలి. నా నోరు నన్నడక్కుండానే "పందొమ్మిది" అంది. ఇంకా నవ్వారు. నా సంసారం పదకొండు మంది మధ్య రాయి మీద పరిచేసి ఉంది, దాన్ని పరిచింది ఆవిడైతే అంకె అందించింది నేను.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది, తెలుసు, తెలిసీ ఆవిడకి చెప్పాను. ఇంకెవరికి చెప్పుకుంటాను? కింద దుకాణంలో అక్క కౌంటరు దగ్గర కూర్చుంటుంది, కోట్లూ దుప్పట్లూ తెచ్చేవాళ్ళతో నవ్వుతూ మాట్లాడుతుంది, రసీదులు రాస్తుంది. బావగారు వ్యాను నడుపుతారు. వెనక గదిలో ఆవిరి పెట్టె ముందు మావారు, ఆయనకి మూడడుగుల దూరంలో నేను, ప్రతి గుడ్డకీ నంబరు రాసిన చీటీ పిన్నుతో గుచ్చుతాను. ఇరవై రెండేళ్ళలో ఒక్క మేజోడు కూడా తప్పిపోలేదు. ఒకరి కోటు ఇంకొకరికి వెళ్ళలేదు. మొన్న ఒకావిడ కోటు భుజం మీద గోధుమరంగు మరకతో వచ్చి గొడవ పెట్టుకుంది, మావారు అది ముందే ఉందండీ అన్నారు, నేను చీటీ చూసి, లేదండీ, ఇస్త్రీలో కాలింది, అన్నాను. నిజమే కదా. చీటీ మీద నా రాతే ఉంది, మరక లేదని. ఆవిడ వెళ్ళిపోయాక ఆయన ఆవిరి పెట్టె మూత దించారు, అంతే, ఆ దించడం దించడం నోరు కూడా మూసేశారు. అన్నం పెడితే తింటారు. గుడ్డ అందిస్తే తీసుకుంటారు. ఆవిరి బుస్సుమంటుంది, ఆయన అనరు. ఏడో రోజున ఆగలేక పైన గదిలో కోట్లు మడతపెడుతూ అక్కకి చెప్పాను. అక్క చేతిలో కోటు కింద పెట్టి, "మాట్లాడకపోతే మాననీవే, మనిద్దరం మాట్లాడుకుందాం," అంది. ఆ రోజు ఆ మాటకి ఏడుపొచ్చింది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని అప్పుడు మర్చిపోయాను.

ఈ కొండలకి తీసుకొచ్చింది కూడా ఆవిడే, మావారి నోరు మూతపడకముందే, రెండు నెలల కిందట. ఇంట్లో కూర్చుని గోడలతో మాట్లాడే బదులు గాలి పీలుద్దువుగాని పదవే అని బూట్లు తనే తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టింది. దూరపు కొండలు నునుపు. దగ్గరకొస్తే ఏముంది? ఎక్కడ చూసినా గడ్డి కింద నీళ్ళు, అడుగేస్తే బుడుగ్గుమంటుంది, తీస్తే బూటు పోతుంది, గాలి చెవుల్లోకి దూరి లోపల ఊళపెడుతుంది, శిఖరం ఇదేనని ఎక్కితే అవతల ఇంకోటి కనపడుతుంది. అందరూ ఆహా ఓహో అంటారు. పళ్ళ డాక్టరు భార్య ప్రతి రాయికీ ఫోటో తీస్తుంది. ఆ రాళ్ళు మనకి వెళ్ళిపొమ్మని చెబుతుంటే వీళ్ళకి వినపడదు. నాకు ఈ కొండంటే గిట్టదు, దానికీ నేనంటే గిట్టదు, ఎనిమిది ఆదివారాలుగా ఒకరినొకరం ఓర్చుకుంటున్నాం. తోక పని ఒక్కటే నాకు నచ్చింది. అందరి వీపులూ చూస్తూ, ఎవరితో మాట్లాడే పనిలేకుండా, ఒక్కో జెండా పీకడం. చెరిగిపోని దుకాణం సిరాతో జెండాల మీద అంకెలు వేసింది నేనే, ఎవరూ వెయ్యమనలేదు.

గుడిసె దగ్గర కంపాసు లెక్కపెట్టాడు, పదకొండు. మళ్ళీ లెక్కపెట్టాడు. ఆయన నన్ను అడిగినప్పుడు ఆయన కళ్ళల్లో అనుమానం కాస్త కూడా లేదు, అదే నన్ను చంపింది. "ఎక్కడైనా కర్ర కనిపించిందా అమ్మా?" అన్నాడు. "లేదండీ." ఒక్కటే మాట, దుకాణంలో రోజుకి వందసార్లు అనే మాటే. ఎందుకన్నాను? అప్పటికింకా మంచులోంచి అక్క గొణుక్కుంటూ దిగొస్తుందనే అనుకుంటున్నాను, వచ్చాక అందరి ముందూ నన్ను తిడుతుంది, ఇద్దరం బస్సులో మొహాలు తిప్పుకుని కూర్చుంటాం, అంతటితో సరి అనుకున్నాను. అప్పుడు పళ్ళ డాక్టరు భార్య, నేను ఆవిణ్ణి ఆఖరున మడుగు దగ్గర చూశానండీ, ఫోటోలో కూడా ఉంది, అంది. కర్ర లేదంటే దారిలో పక్కకి వెళ్ళలేదు, దారిలో వెళ్ళలేదంటే మడుగు దగ్గరే ఉండిపోయింది, కంపాసు లెక్క సరైన లెక్క, నేనిచ్చిన అంకె తప్పుడు అంకె. ఆయన ఇద్దరిని వెంటేసుకుని మడుగుకి అడ్డదారి అని తూర్పు వాగులోంచి ఎక్కిపోయాడు. అక్క ఉన్నది కొండ పడమటి భుజం మీద, మేం దిగొచ్చిన దారిలో. నేను అప్పుడు నోరు తెరిచాను కూడా, తెరిచి మళ్ళీ మూసేశాను, ఈల మాత్రమే వినిపించేంత దూరం వెళ్ళేదాకా వాళ్ళ వీపులు చూస్తూ నిలబడ్డాను.

ఎంత చలి. ఇక్కడే ఇంత చలైతే అక్కడెంత. అక్క ఒంటి మీద పల్చటి కోటు, దట్టమైనది బస్సులో వదిలేసింది, ఎండ కాస్తోందిగా మోతెందుకే అంది. ఆవిడకి దారులు తెలియవు. ఇరవై రెండేళ్ళుగా ఉన్న వీధిలోనే మందుల షాపుకి వెళ్ళి పోస్టాఫీసు ముందు తేలుతుంది, ఎవర్ని అడిగినా నవ్వుతూ అడుగుతుంది, నవ్వుతూ చెబుతారు. ఇక్కడ ఎవరు చెబుతారు? పడమటి భుజం కింద రాళ్ళు జారే చోటు ఉంది, కంపాసు ఎప్పుడూ అక్కడ జెండాలు రెండు గుచ్చుతాడు, ఇరవై రెండూ ఇరవై మూడూ, ఆ రెండూ నా ఒళ్ళోనే ఉన్నాయి. ఆవిడ దిగడం మొదలుపెడితే. దిగదు, అక్క దిగదు, భయపడుతుంది. భయపడితేనే మనుషులు దిగుతారు. ఐదున్నరకి చీకటి పడుతుంది. ఇప్పుడెంతైంది? నాలుగుకి ఐదు తక్కువ. నేను దాటింది రెండుకి. బావగారికి ఏమని చెప్పాలి? వ్యాను తాళాలు తిప్పుకుంటూ, మీ అక్కేదమ్మా, అంటారు. మావారు అప్పుడైనా మాట్లాడతారా? ఛీ, ఎక్కడికి పోతోంది బుద్ధి.

పెళ్ళై వారం కాలేదు, ఆవిరి గొట్టానికి చెయ్యి తగిలింది, చర్మం లేచిపోయింది. అత్తగారు నెయ్యి రాయమంటోంది, మావారు నిలబడిపోయారు, అక్క నన్ను లాక్కెళ్ళి బకెట్ నీళ్ళల్లో చెయ్యి ముంచి, మధ్యాహ్నమంతా నా మణికట్టు పట్టుకుని పక్కనే కూర్చుంది, నీళ్ళు వెచ్చబడితే మార్చింది, మళ్ళీ పట్టుకుంది. అప్పుడూ ఊరుకోలేదు, ఏవో కథలు చెప్పి నవ్వింది, అత్తగారి నడక నటించి చూపించింది, నేను నొప్పితో ఏడుస్తూ నవ్వాను. తన చెయ్యి కూడా అంతసేపూ నీళ్ళల్లోనే ఉంది, నానిపోయి తెల్లబడింది. ఆ నవ్వే ఈ నవ్వు. ఆవిడకి అదొక్కటే వచ్చు, నాకు లెక్క వచ్చినట్టు. ఇప్పుడిది ఎందుకు గుర్తొస్తోంది? మంచితనాలు గుర్తుచేసుకుని ఏడవడానికి ఆవిడేమైనా పోయిందా? నాకు ఆవిడంటే కోపం. ఇప్పటికీ కోపమే. కోపం ఉన్న మనిషి చావాలని నేనెప్పుడూ అనుకోలేదు, అనుకోకుండానే కాలెత్తి దాటాను.

కంపాసు వచ్చాడు. ముగ్గురూ ముగ్గురే. ఆయన టోపీ అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి, దిక్సూచిని గుప్పిట్లో పట్టుకుని ఉన్నాడు. మడుగు చుట్టూ తిరిగాం, అరిచాం, ఈల వేశాం, జవాబు లేదు, ఒకరు రోడ్డుకి దిగి సాయం కోసం ఫోన్ చెయ్యాలి, వాళ్ళొచ్చేసరికి ఎంతవుతుందో తెలీదు, అన్నాడు. ఆయన గొంతు ముసలిగొంతులా ఉంది. పళ్ళ డాక్టరు బిస్కెట్ పొట్లం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అనకూడదు గానీ, ఇది ఆవిడ స్వయంకృతం," అన్నాడు. "రూలు రూలేనండీ. కర్ర పెట్టాలా వద్దా? నోటికున్నంత చురుకు బుర్రకి లేకపోతే ఎలా? ఇప్పుడు అందరి ప్రాణాల మీదకీ తెచ్చింది."

నాకు ఒళ్ళు మండింది. ఆవిణ్ణి తిట్టడానికి వీడెవడు? ఆవిణ్ణి నేను తిట్టుకుంటాను, ఇరవై రెండేళ్ళుగా తిట్టుకుంటున్నాను, ఆ హక్కు నాది, ఒకే మెట్ల మీద ఎక్కీ దిగీ సంపాదించుకున్నది. బుర్ర లేదట. మా దుకాణంలో ఇచ్చే వీడి కోటు జేబుల్లో మర్చిపోయిన వస్తువులన్నీ కవర్లో పెట్టి తిరిగిచ్చేది ఆవిడే.

"పెట్టింది," అన్నాను.

కంపాసు నా వైపు తిరిగాడు.

"కర్ర పెట్టిందండీ. పదిహేడో జెండా దగ్గర. నేను చూశాను. చూసి దాటొచ్చాను." నా గొంతు చాలా పెద్దగా ఉంది, గుడిసె చిన్నది. "రాయి వెనక దగ్గింది కూడా. విన్నాను. మీకు అబద్ధం చెప్పాను."

పళ్ళ డాక్టరు భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కంపాసు తిడతాడనుకున్నాను, తిట్టలేదు, ఆయన మొహంలో కోపం కూడా లేదు, దుకాణంలో ఎవరైనా ఇది నా కోటు కాదండీ అన్నప్పుడు నాకు కాళ్ళ కింద నేల కదిలినట్టుంటుందే, అలా చూశాడు. ముప్ఫై ఏళ్ళ మ్యాపులూ ఆ దిక్సూచీ ఎందుకూ పనికిరాకుండా చేశాను. "ముందు నడు," అన్నాడు. అమ్మా అనలేదు.

ముందు నడవడం నాకు రాదు. ఎప్పుడూ ఎవరో ఒకరి వీపు ఉండేది, ఇప్పుడు ముందర తెల్లగోడ, మూడడుగుల గడ్డి, అంతే. వెనక కంపాసూ ఇంకో ఇద్దరూ, వాళ్ళ ఊపిరి వినిపిస్తోంది, వాళ్ళు నాతో మాట్లాడరు, మాట్లాడని మనుషులతో నడవడం నాకు అలవాటే. ముప్ఫై గుచ్చిన చోటు ఇది, తీగ గుచ్చిన చిన్న కన్నం, ఇరవై తొమ్మిది కుడివైపు, ఎండిన గొర్రె ఎముక పక్కన, ఇరవై ఎనిమిది దగ్గర నీళ్ళు దాటాలి, పీకుతున్నప్పుడు దేన్ని చూశానో అన్నీ గుర్తున్నాయి, ఆ కోపంలో ఎంత బాగా చూశాను. ఆగి గుచ్చు, అన్నాడు కంపాసు, నేను జెండాలు తిరిగి గుచ్చుతూ ఎక్కాను. ఇరవై మూడు దగ్గర రాళ్ళు జారాయి, మోకాలు కొట్టుకుంది, లేచాను. గాలి ఎదురొస్తోంది, మొహం మీద సూదులు, ఈ కొండ నన్ను వెనక్కి తోస్తోంది, తోస్తే తొయ్యి, నీకూ నాకూ తర్వాత చూసుకుందాం. అక్కా అని అరవాలి. అరవలేకపోయాను, ఏ మొహం పెట్టుకుని? కంపాసు అరుస్తున్నాడు. ఇరవై. పందొమ్మిది. దేవుడా, ఆవిడ అక్కడ ఉండాలి, అక్కడే ఉండి నన్ను చెప్పు తీసుకుని కొట్టాలి. పద్దెనిమిది. తెల్లమచ్చ రాయి మంచులోంచి బయటికొచ్చింది.

దారి మీద కర్ర లేదు.

ఇదే చోటు, ఇదే రాయి, కన్నం కూడా ఇదే, కర్ర లేదంటే తీసుకుని దిగిపోయింది, దిగిందంటే ఆ రాళ్ళ మీదుగానే దిగింది, మేం ఆ రాళ్ళు దాటుకునే వచ్చాం, కింద లోయలోకి చూడలేదు. కంపాసు నన్ను చూస్తున్నాడు, ఇదీ అబద్ధమేనా అన్నట్టు. అప్పుడు రాయి వెనక నుంచి రెండు పొట్టి దగ్గులూ ఒక పొడుగూ.

అక్క మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని, వీపు రాయికి అంటించి కూర్చుని ఉంది. పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి. కర్ర ఆవిడ కింద ఉంది, తొడల కింద దాచినట్టు, మఫ్లరు ముక్క మాత్రం బయటికి కనపడుతోంది. కంపాసు తన కోటు విప్పి ఆవిడ మీద వేసి, ఫ్లాస్కు మూత తీసి టీ పట్టించాడు, వేళ్ళు కదుపు, కాళ్ళు కదుపు, అని చేయించి, అప్పటిదాకా ఆపుకున్నది ఆపుకోలేక అడిగాడు.

"మీరు కర్ర అడ్డం పెట్టారా, లేదా?"

అక్క ఆయన్ని చూడలేదు. నన్ను చూసింది. నా మోకాలి మీద నెత్తురు చూసింది, నా చేతిలో మిగిలిన జెండాలు చూసింది.

"లేదండీ," అంది. "మర్చిపోయాను. నాదే తప్పు."

"ఈవిడ చూశానన్నారే?"

"అదా? దాని మాట పట్టించుకోకండి. ఇంట్లో పాలు పొంగినా తన తప్పే అంటుంది."

ఆవిడ తొడల కింద నీలం పిడి అందరికీ కనపడుతూనే ఉంది. ఇరవై రెండేళ్ళలో ఆవిడ మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు, మడుగు దగ్గర వచ్చింది దాని ముందు ఏమూలకీ చాలదు. తిట్టొచ్చుగా. నలుగురి ముందూ నా జుట్టు పట్టుకుని, ఇదేనండీ నన్ను చంపబోయిందని చెప్పొచ్చుగా. నేను నిజం చెప్పి తెచ్చుకున్న కాస్త శిక్షనీ ఆవిడ అబద్ధంతో లాగేసుకుంది. ఇప్పుడు నేనేం మోసుకుని దిగాలి?

ఆవిణ్ణే మోసుకుని దిగాను. ఆవిడ చెయ్యి నా మెడ చుట్టూ, నా చెయ్యి ఆవిడ నడుం చుట్టూ, కంపాసు ముందు నడుస్తున్నాడు, ఆ ఇద్దరూ వెనక. ఆవిడ ఒళ్ళు మంచుముద్ద. వణుకు నా ఎముకల్లోకి వస్తోంది. రాళ్ళు జారే చోటు దాటాక, వాళ్ళకి వినపడకుండా అడిగాను.

"చూశావా?"

"చూశాను. రాయి పక్క నుంచి."

"పిలవొచ్చుగా."

"పిలిస్తే వచ్చేదానివేగా," అంది. నాలుగడుగులు వేసి ఊపిరి తీసుకుంది. "పిలవకుండా వస్తావేమోనని కూర్చున్నా."

"మూడు గంటలా? చచ్చిపోయేదానివే!"

"ఇంకాసేపు చూసి పిలిచేదాన్ని," అంది.

పిలిచేది కాదు. ఆవిడ సంగతి నాకు తెలుసు. ఆవిడ చోట ఉంటే నేనూ పిలిచేదాన్ని కాదు.